నిలురాళ్ల నీడలో

కృష్ణ ఒడ్డున, నారాయణపేట జిల్లాలో ముడుమాల్. అక్కడి నిలువురాళ్లలో కొన్ని మనిషికి రెండింతల ఎత్తు. పండితులకు అవి బృహత్ శిలాయుగపు గుర్తులు. ఊరివాళ్లకు దేవుడు, నిలురాళ్ల తిమ్మప్ప. నాకు ఊరివాళ్లు పిలిచే పేరే ఇష్టం. ఇన్నాళ్లూ ఆ రాళ్లను కాపాడింది ఆ భక్తేనేమో!

ఒక బండమీద చిన్నచిన్న గుంటలు. కలుపుకుంటూ చూస్తే సప్తర్షి మండలం. ఎవరు తొలిచారో, ఏ రాత్రి తలెత్తి చూశారో!

2025లో ఈ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. సంతోషమే. కానీ బోర్డు పాతితే సరిపోదు. పిల్లల్ని పొద్దున్నే తీసుకెళ్లి, ఎండ ఎక్కేకొద్దీ రాతినీడ ఎలా జరుగుతుందో చూడనివ్వాలి. చీకటిపడ్డాక డాబామీద చుక్కలు చూపించాలి. ఆ గుంటల వరసను ఆకాశంలో వాళ్ల వేలు గుర్తుపట్టే క్షణం కోసమే నా ఆరాటం.