ఐదు నిమిషాలకు ముందున్న పని

సొంత హోస్టింగ్ మీద బ్లాగు పెట్టుకోవడం ఎలాగో కొత్తవాళ్లకి తెలుగులో రాసిపెట్టడం నా ఉద్యోగం. ఎక్కువగా రాసేది వర్డ్‌ప్రెస్ గురించే. బీ2 అనే పాత ప్రోగ్రాము పని ఆగిపోయినప్పుడు, దాని కోడ్ తీసుకుని మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003లో దీన్ని మొదలుపెట్టారు. జీపీఎల్ లైసెన్సు కాబట్టి ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు, తమకి కావలసినట్టు మార్చుకోవచ్చు. దీన్ని ఎక్కించడానికి ఐదు నిమిషాలు చాలని మొదటినుంచీ ప్రసిద్ధి. అది నిజమే. అన్నీ సిద్ధంగా ఉంటే అంతకూడా పట్టదు. గైడు రాసేవాళ్లకి అసలు పని ఆ సిద్ధం చేసుకోవడం దగ్గరే ఉంటుంది.

చాలా హోస్టింగ్ కంపెనీలు ఒక్క నొక్కుతో ఎక్కించే బటన్ ఇస్తున్నాయి, ఇంకా చేత్తో చేయించడం ఎందుకని అడుగుతారు. ఒక్కసారైనా చేత్తో చేసినవాళ్లకి తమ రాతలు ఎక్కడుంటాయో, బొమ్మలు ఎక్కడుంటాయో తెలుస్తుంది. ఏదైనా తేడా వచ్చిన రోజు ఆ తెలివిడే కాపాడుతుంది. అందుకే నా గైడులో బటన్ సంగతి చివర్లో వస్తుంది.

ఏ గైడు రాసినా అచ్చుకి పంపేముందు ఒక కొత్త మనిషి చేత చేయించి చూస్తాను. పక్కన కూర్చుంటాను, నోరు మెదపను. ఒకసారి రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన కూర్చున్నారు. డొమైన్, హోస్టింగ్ కొనడం చకచకా అయిపోయింది. జిప్ విప్పితే వచ్చే ఫోల్డర్‌ని కాకుండా, దాని లోపలి ఫైళ్లని పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లో పెట్టడమూ సరిగ్గా చేశారు. డేటాబేస్ వివరాలు అడిగే ఫారం రాగానే చెయ్యి ఆగింది. "ఇక్కడ లోకల్‌హోస్ట్ అని ఉందేమిటమ్మా? నేను డబ్బు కట్టిన కంపెనీ పేరు అది కాదుగా. మార్చెయ్యనా?" అన్నారు. ఎంత సరైన ప్రశ్న! డేటాబేస్ కూడా అదే సర్వర్‌లో ఉందని చెప్పే మాట అది, కంపెనీ వేరే పేరు ఇస్తే తప్ప ముట్టుకోనక్కర్లేదు. ఈ సంగతి ఎక్కడో ముందుమాటలో ఉంటే ప్రయోజనం లేదు, ఆ గడి పక్కనే ఉండాలి.

కొత్తవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఆ ఫారం దగ్గరే. హోస్టింగ్‌ని నడుపుకునే సీప్యానెల్‌ పేజీలో డేటాబేస్‌కి 'బ్లాగ్' అని పేరు పెడతారు. సీప్యానెల్ మామూలుగా దాని ముందు మీ అకౌంటు పేరూ, ఒక అండర్‌స్కోరూ చేరుస్తుంది. యూజర్‌ని సృష్టించినా అంతే. ఫారంలో మాత్రం తాము టైపు చేసిన పొట్టి పేరే ఇస్తారు. ఇక మూడో మెట్టు, ఆ యూజర్‌ని ఆ డేటాబేస్‌కి జతచేసి అన్ని అనుమతులకీ టిక్కు పెట్టడం, చాలామంది మర్చిపోతారు. డేటాబేస్ ఉంది, యూజర్ ఉన్నాడు, ఇంకేం కావాలని అనిపించడం సహజమే.

తప్పు ఎక్కడుందో తెరే చెబుతుంది, చదవడం నేర్పాలంతే. డేటాబేస్‌తో కనెక్షన్ కుదరలేదని వస్తే యూజర్ పేరు, పాస్‌వర్డ్, హోస్ట్ చూసుకోవాలి. కనెక్షన్ కుదిరింది కానీ డేటాబేస్‌ని ఎంచుకోలేకపోతున్నానని వస్తే పాస్‌వర్డ్ సరైనదే. డేటాబేస్ పేరు తప్పయినా అయ్యుండాలి, జతచేయడం మర్చిపోయినా ఉండాలి. ఈ రెండు తెరల ఫొటోలూ నా గైడులో పక్కపక్కనే ఉంటాయి. గైడంటే అంతా సవ్యంగా జరిగినప్పటి తెరలే చూపించాలన్న పద్ధతి నాకు నచ్చదు. సవ్యంగా జరిగినవాళ్లకి గైడుతో పనేముంది?

ఈ డేటాబేస్ వివరాలుండే కాన్ఫిగ్ ఫైలుని వర్డ్‌లో తెరవొద్దని పెద్ద అక్షరాలతో రాస్తాను. నిటారుగా ఉండే కొటేషన్ గుర్తుల్ని వర్డ్ వంపు తిప్పేస్తుంది, పీహెచ్‌పీకి అవి అర్థం కావు. నోట్‌ప్యాడ్ చాలు.

తెలుగులో రాసేవాళ్ల కోసం విడిగా చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి, ఇంగ్లీషు గైడుల్లో అవి కనబడవు. డీటీపీ చేయించిన పాత కథలు అనూ ఫాంట్లలో ఉంటాయి. యూనికోడ్‌లోకి మార్చకుండా అతికిస్తే పిచ్చి గుర్తులే వస్తాయి. డేటాబేస్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఉందో లేదో మొదటి టపా రాయకముందే చూసుకోవాలి. పాత లాటిన్1 టేబుల్లో తెలుగు ప్రశ్నార్థకాలుగా నిలవైపోయిందంటే ఆ అక్షరాలు పోయినట్టే, మళ్లీ టైపు చేసుకోవాలి.

లింకుల సంగతి ఇంకొంచెం వివరంగా చెబుతాను. శీర్షిక తెలుగులో పెడితే వర్డ్‌ప్రెస్ లింకూ దాని నుంచే తయారుచేస్తుంది. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో గుర్తూ మూడు బైట్లు, లింకులో ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు స్థానాలు. 'క్షే' మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి అది క, పొల్లు, ష, ఏత్వం, అంటే నాలుగు గుర్తులు, లింకులో 36 స్థానాలు. టపా లింకుకి డేటాబేస్‌లో ఉన్న చోటు 200 స్థానాలే. ఇరవై రెండు గుర్తులు దాటిన శీర్షిక లింకులో తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల చాంతాడులా కనబడవచ్చు. అందుకని ప్రచురించేముందే లింకు గడిలో పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోమంటాను, తర్వాత మారిస్తే పంచుకున్న పాత లింకులతో చిక్కు రావచ్చు. శీర్షిక మాత్రం నిక్షేపంగా తెలుగులోనే ఉండనివ్వండి.

హెచ్‌టీటీపీఎస్‌కి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది, చాలాచోట్ల కంపెనీయే పెట్టేస్తుంది. యూజర్ పేరు 'అడ్మిన్' అని పెట్టుకోకూడదు. వీటికి చెరో పేరా చాలు.

బ్యాకప్‌కి మాత్రం పూర్తి అధ్యాయం ఇస్తాను. 2009లో జియోసిటీస్, 2013లో పోస్టరస్ మూతపడ్డాయి. తమ రాతలు వేరే చోట దాచుకోనివాళ్లు నష్టపోయారు. సొంత హోస్టింగ్‌లో ఆ భయం తగ్గుతుంది కానీ కాపలా మనమే కాయాలి. టపాలు, వ్యాఖ్యలు డేటాబేస్‌లో ఉంటాయి. బొమ్మలు, థీములు డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఒకటి దాచి రెండోది వదిలేస్తే సగమే దక్కుతుంది. బ్యాకప్ ఫైలు దింపుకోగానే పని అయిపోయిందనుకోనివ్వను. ఇంకో ఖాళీ డేటాబేస్ తెరిచి, పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఆ ఫైలుని ఇంపోర్ట్ చేయిస్తాను, పోస్ట్స్ టేబుల్ తెరిపించి మొదటి టపా చదవమంటాను. తెలుగు తెలుగులాగే కనబడితే ఆ బ్యాకప్ పనికొస్తుంది. ప్రశ్నార్థకాలు కనబడితే ఎన్‌కోడింగ్ పేజీకి వెనక్కి వెళ్లి, సరిచేసుకుని, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి.