మైనపు ఓడలు ఈదిన తొట్టి

గ్లాస్గోలో రైలెక్కితే అరగంటలో డంబార్టన్. లెవెన్ నది వచ్చి క్లైడ్‌లో కలిసే చోట, కొండమీది పాత కోటకు కాస్త ఇవతల ఓ సూపర్‌మార్కెట్. దాని వెనకే ఉంది డెన్నీ ట్యాంక్. లోపలికెళితే కనిపించేది దాదాపు 300 అడుగుల పొడవున్న నీళ్ల తొట్టి. చూడ్డానికి ఈతకొలనులా ఉన్నా ఇందులో ఈదింది మనుషులు కాదు, ఓడలు. అవీ మైనపు ఓడలు!

అప్పట్లో ఓడ ఎంత వేగంతో వెళ్తుందో, ఎంత బొగ్గు తింటుందో సముద్రంలోకి దిగాకగానీ కచ్చితంగా తెలిసేది కాదు. ఒప్పందంలో రాసిచ్చిన వేగం అందుకోకపోతే కట్టినవాడి పని అంతే. బొమ్మ ఓడని లాగి అసలు ఓడ సంగతి చెప్పొచ్చని విలియం ఫ్రూడ్ అంటే పేరున్న ఇంజినీర్లే కొట్టిపారేశారు. ఆయన పట్టు విడవలేదు. నౌకాదళం ఇచ్చిన డబ్బుతో టార్కీలోని తన ఇంటి దగ్గరే తొట్టి కట్టి 1872లో పరీక్షలు మొదలెట్టాడు. గ్రేహౌండ్ అనే అసలు నౌకని మరో ఓడ చేత లాగించి కొలిస్తే... బొమ్మ చెప్పిన లెక్క దానితో కలిసింది.

కిటుకల్లా వేగంలో ఉంది. 125 మీటర్ల ఓడకి 5 మీటర్ల నమూనా చేశారనుకోండి. సైజు 25వ వంతు. వేగం మాత్రం 25కి వర్గమూలం చొప్పున, అంటే అయిదో వంతుకే తగ్గించాలి. 20 నాట్ల ఓడకి నమూనాని 4 నాట్లతో లాగితే చాలు. మనిషి గబగబా నడిచే వేగం! అప్పుడు రెండూ లేపే అలల తీరు ఒకటే. నీటి రాపిడి ఈ సూత్రానికి లొంగదు, దాన్ని విడిగా లెక్కగట్టి కలపాల్సిందే.

ఫ్రూడ్‌ని నమ్మిన ఓడల వ్యాపారి కొడుకు విలియం డెన్నీ. ఆ నమ్మకంతోనే డెన్నీ కంపెనీ 1883లో ఈ తొట్టి కట్టించింది. ఒక వ్యాపార సంస్థ కట్టుకున్న తొలి పరీక్షా తొట్టి ప్రపంచంలో ఇదే. బంకమట్టి అచ్చులో కరిగించిన మైనం పోసి, గట్టిపడ్డాక మిషన్‌తో చెక్కి, చేత్తో నున్నగా గీకేవారు. తొట్టి పైన పట్టాలమీద నడిచే బండికి దాన్ని తగిలించి లాగుతుంటే, నీరు ఎంత ఎదురుతన్నుతోందో పరికరం కాగితంమీద గీసేది. నచ్చకపోతే ఇంకాస్త చెక్కేవారు. పనయ్యాక కరిగించి మరో ఓడ! ఇనుముతో ఆ ఆట సాగదుగా.

విలియం 1887లో, నలభై నిండకుండానే బ్యూనస్ ఎయిర్స్‌లో కన్నుమూశాడు. ఓడల్ని కట్టిన యార్డు 1963లో మూతపడింది. తొట్టి మాత్రం మిగిలి, స్కాటిష్ మారిటైమ్ మ్యూజియంలో భాగమైంది.

ఇదే పద్ధతి మన విశాఖపట్నంలోనూ ఉంది. 1969లో ఏర్పాటైన నౌకాదళ పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్‌లో నమూనాల్ని లాగే తొట్టి పొడవు 500 మీటర్లు. కాకపోతే అది రక్షణశాఖది, టికెట్టు కొని చూసే వీల్లేదు. డంబార్టన్‌లో ఆ ఇబ్బంది లేదు. వెళ్లేముందు తెరిచే రోజులు, వేళలు కనుక్కుంటే చాలు.