డాలర్ డిస్‌ప్లే, నేను, ఒక సారీ

మా ఇంట్లోవాళ్ళ లెక్కలో నేను "సాఫ్ట్‌వేరు". నిజానికి నేను చేసేది చిప్ వెరిఫికేషన్. డిజైనర్లు రాసిన చిప్‌ని ఫ్యాక్టరీకి పంపకముందే సిమ్యులేటర్‌లో నడిపి చూసి, అందులో తప్పులు పట్టుకోవాలి. అంటే పక్కవాడి తప్పులు వెతికినందుకు జీతం ఇస్తారన్నమాట :) అలా వెతికేవాడే తప్పు చేస్తే ఏమవుతుందో పోయిన ఏడాది నాకు బాగా తెలిసొచ్చింది.

మేము రాసేది వెరిలాగ్‌లో. 1980ల్లో గేట్‌వే డిజైన్ ఆటోమేషన్ అనే కంపెనీలో పుట్టి, 1995లో ఐఈఈఈ ప్రమాణంగా మారిన భాష ఇది. తర్వాత వచ్చిన సిస్టమ్ వెరిలాగ్‌తో 2009లో దీన్ని కలిపేశారు. బోలెడు హంగులున్నాయి కానీ, ఏదైనా తేడా వచ్చినప్పుడు అందరం చేసే మొదటి పని ఒకటే.. ఒక ప్రింట్ లైను పెట్టి చూడటం. దానికి వాడేది డాలర్ డిస్‌ప్లే. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో సీ నేర్చుకున్న ఎవరికైనా ఇది పాత చుట్టంలాగే కనిపిస్తుంది. అదే కొటేషన్లు, అదే పర్సెంట్ డీ. చివర్లో కొత్త లైను తనే వేసుకుంటుంది, వద్దనుకుంటే డాలర్ రైట్ వాడుకోవచ్చు. "ప్రింట్ఎఫ్‌కి ముందు డాలర్ తగిలించారు, అంతే" అనుకుని ఐదేళ్ళు గడిపేశాను.

ఇంతకీ జరిగిందేంటంటే, మా టీములో ఎంటెక్ అయిపోయి కొత్తగా చేరిన ఒకబ్బాయి ఉన్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు, నెమ్మదస్తుడు. అతనికి ఒక ఫైఫో డిజైన్ ఇచ్చారు. ముందొచ్చిన డేటా ముందు బయటికి పోయే క్యూ లాంటిది, ఎనిమిది గళ్ళు. ఎనిమిదీ నిండగానే "ఫుల్" అనే సిగ్నల్ 1 అవ్వాలి. దాన్ని పరీక్షించే పని నాది. టెస్ట్‌బెంచ్‌లో ప్రతి క్లాక్ అంచు దగ్గరా కౌంట్, ఫుల్ ఎంతున్నాయో డాలర్ డిస్‌ప్లేతో ప్రింట్ చేశాను.

ఎనిమిదో డేటా లోపలికెళ్ళిన క్షణం, టైము 175. లాగ్‌లో కౌంట్ 7, ఫుల్ 0. తర్వాతి క్లాక్, 185 దగ్గర గానీ 8, 1 రాలేదు. "ఫుల్ ఒక క్లాక్ ఆలస్యంగా వస్తోంది" అని వెంటనే అతని పేరు మీద బగ్ పెట్టేశాను.

"అన్నా, వేవ్‌ఫార్మ్‌లో 175 దగ్గరే మారుతోంది కదా" అన్నాడు పాపం.

"లాగ్‌లో అంత స్పష్టంగా ఉంటే ఇంకా వేవ్‌ఫార్మ్ ఏంట్రా, సరిచెయ్" అన్నాను. ఆ వారం మీటింగులో మేనేజర్ ముందు కూడా అదే మాట చెప్పాను. అతనికి ఇంకో రెండు వారాల్లో ప్రొబేషన్ రివ్యూ ఉందన్న సంగతి నాకు తెలుసు. అయినా చెప్పాను.

అతను రెండు రాత్రులు ఆఫీసులోనే కూర్చుని ఫుల్‌ని ఒక క్లాక్ ముందుకి జరిపాడు. నా లాగ్ చక్కగా మారింది, బగ్ మూసేశాను. మర్నాడు, అప్పటిదాకా పాసవుతున్న వేరే టెస్టు ఒకటి కదలకుండా ఆగిపోయింది. ఎనిమిదో డేటా పెట్టడానికి ఎదురుచూస్తూ కూర్చుంది, ఏడుకే ఫుల్ అనేస్తోంది కాబట్టి! లేని బగ్గుని సరిచేయించి నిజం బగ్గుని నేనే పుట్టించాను.

అప్పుడు భయమేసి ప్రమాణం తీసి చదివాను. సంగతి ఇదీ. రిజిస్టర్లకి విలువ ఇవ్వడానికి మేము వాడే గుర్తు <= . దీని పద్ధతేంటంటే, కుడివైపు లెక్క ఇప్పుడే కట్టేస్తుంది కానీ, ఎడమవైపు రాసేది మాత్రం ఆ క్షణంలో మిగతావాళ్ళందరి లెక్కలూ అయ్యాకే. డాలర్ డిస్‌ప్లే అంతదాకా ఆగదు, తన వంతు రాగానే అప్పటికి ఎంతుంటే అంత ప్రింట్ చేసేస్తుంది. పెళ్ళిలో గ్రూప్ ఫోటోకి అందరూ ఇంకా సర్దుకుంటూ ఉండగానే క్లిక్ కొట్టే ఫోటోగ్రాఫర్ లాగా. అందరూ కుదురుకున్నాక తీసే ఫోటోగ్రాఫర్ కూడా ఉన్నాడు, అతని పేరు డాలర్ స్ట్రోబ్. ఆ క్షణంలో జరగాల్సిన మార్పులన్నీ పూర్తయ్యాకే ప్రింట్ చేస్తుంది. ఇంకొకటి డాలర్ మానిటర్. అది వీధిలో పిన్నిగారి టైపు, ఏదైనా మారితే తప్ప నోరు విప్పదు. ఒకసారికి ఒక్క మానిటరే పనిచేస్తుంది, రెండోది పెడితే మొదటిది మూగబోతుంది.

అతని పాత కోడ్ వెనక్కి తెచ్చి, డిస్‌ప్లే పక్కనే ఒక స్ట్రోబ్ పెట్టి నడిపాను. టైము 175 దగ్గరే రెండు లైన్లు వచ్చాయి. ఒకటి 7, ఒకటి 8.

తమాషా ఏంటంటే డిస్‌ప్లే కూడా అబద్ధం చెప్పలేదు. నిజం చిప్‌లోనూ ఆ క్లాక్ అంచు దగ్గర పక్క ఫ్లిప్‌ఫ్లాప్‌లకి కనిపించేది పాత విలువే, 7. లాగ్ సరిగ్గానే ఉంది, వేవ్‌ఫార్మ్ సరిగ్గానే ఉంది, ఆ అబ్బాయి కూడా సరిగ్గానే చెప్పాడు. చదవడం రానిది నాకే.

ఇక బగ్ సంగతి. "టెస్ట్‌బెంచ్ పొరపాటు" అని మార్చేసి గుట్టుగా ఊరుకోవచ్చు. ఎవరూ అడగరు, మా దగ్గర రోజుకి అలాంటివి ఎన్నో మూస్తుంటారు. లేదా కాఫీ దగ్గర అతనొక్కడికే సారీ చెప్పొచ్చు. ఒక పూటంతా ఈ రెండింటి మధ్యే ఊగాను. కానీ మాట పడింది అందరి ముందూ కదా. అందుకే తర్వాతి మీటింగులో ఆ రెండు లైన్లూ తెర మీద చూపించి, "డిజైన్ మొదట్నుంచీ కరెక్టే. తప్పు నాది, ఇతని రెండు రాత్రులు నేను వృథా చేశాను" అని చెప్పేశాను. మేనేజర్ "ఓకే" అని తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయాడు. నేను భయపడినంత ఏమీ జరగలేదు.

బయటికొచ్చాక అడిగాను, "నీకు వేవ్‌ఫార్మ్‌లో కరెక్టుగా కనిపిస్తుంటే ఎందుకు మార్చావురా?" అని.

"నిజానికి డిస్‌ప్లే అలా పాత విలువ చూపిస్తుందని క్లాసులో చదివినట్టే గుర్తుందన్నా. కానీ మీకు ఐదేళ్ళ అనుభవం కదా, నేనే ఏదో తప్పు గుర్తుపెట్టుకున్నానేమో అనుకున్నాను" అన్నాడు.

సారీ చెప్పేటప్పుడు కూడా ఇంత సిగ్గనిపించలేదు. ఆ ఒక్క మాట మొదటిరోజే అని ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. అననివ్వనిది నేనే.

ప్రొబేషన్ గండం బాగానే గట్టెక్కాడు లెండి. ఇప్పుడు నా టెస్ట్‌బెంచ్‌లో ఏ ప్రింట్ పెట్టినా అది ఆ క్షణంలో ఎప్పుడు చూస్తోందో ముందు ఆలోచిస్తాను. కుదురుకున్నాక విలువ కావాలంటే స్ట్రోబ్ పెడతాను. ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను. బగ్ పెట్టేముందు డిజైనర్ సీటు దగ్గరికెళ్ళి, "నీకేం కనిపిస్తోంది?" అని అడిగి, అతను చెప్పేదాకా నోరు మూసుకుని నించుంటాను. ఈ రెండో అలవాటే కొంచెం కష్టంగా ఉంది.