పెరట్లో దొరికిన పావు వరహా

టంకశాల వీధి పక్క సందులో ఉన్న మా అమ్మమ్మగారి ఇల్లు పడగొట్టే ముందు పెరడంతా ఒకసారి వెతకాలని పట్టుబట్టింది నా మేనల్లుడు. పురావస్తు శాస్త్రం చదువుతున్నాడు, డిటెక్టర్ ఒకటి సంపాదించుకొచ్చాడు. వాటాదార్లందరూ సరేనన్నారు. మద్రాసు సౌకార్‌పేటలో సున్నపు గోడలు, బర్మా టేకు దూలాలు, వీధి అరుగులు ఉన్న ఇళ్లు ఒక్కొక్కటే పోతున్నాయి. వాటి చోట గోడౌన్లు లేస్తున్నాయి. మా ఇంటి వంతూ వచ్చింది.

మొదటి పూట అంతా ఇనుమే. బావి చుట్టూ ఎక్కడ పెట్టినా డిటెక్టర్ కూత ఆగలేదు. పైపు ముక్కలు, తలుపు గడియలు, కమ్మరి సాగగొట్టిన పలకల మేకులు బయటపడ్డాయి. మేకుల్ని పారేయబోతే మేనల్లుడు ఊరుకోలేదు. గుండ్రటి తీగమేకులు విరివిగా రాకముందు కట్టిన ఇల్లని అవే చెబుతాయన్నాడు.

వెనక పంచలో సున్నపు గచ్చు పగలగొట్టాక, దాని కింది మట్టిలో చిలుము పట్టిన రాగి బిళ్ల కనబడింది.

"ఇలా తేరా, చింతపండు పెట్టి తోమితే తళతళలాడిపోతుంది" అంది మా పిన్ని.

"వద్దు చిన్నమ్మమ్మా! పులుపు తగిలితే అక్షరాలు కూడా పోతాయి."

డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, వెదురు పుల్లతో మట్టిని ఓపిగ్గా వదిలించాడు. ఈస్టిండియా కంపెనీ వారి డాలు, దానికి చెరోపక్క సింహాలు, 1808 సంవత్సరం. రెండోవైపు పారశీక అక్షరాలు, కింద రోమన్ అంకెల్లో ఇరవై కాసులు. ఇది మన వీధి టంకశాలలో పుట్టింది కాదు. బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో, మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాల మీద అచ్చయి, ఓడలో మద్రాసు వచ్చింది. ఇలాంటి కాసులతోనే బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాన గుడ్విన్ ఇసుకతిన్నెల్లో మునిగిపోయింది. ఆ కాసులు మద్రాసు బజారుకు చేరనేలేదు. మా పంచలోది బజారులో తిరిగి తిరిగి అంచులు అరిగింది.

గచ్చు చెదరకుండా ఉన్నచోట, దాని అడుగున దొరికింది కాబట్టి ఆ గచ్చు 1808 తర్వాత వేసిందే. నాణెం ఒక్కటే జేబులో వేసుకుని ఉంటే ఈ సంగతి పోయేది. అందుకే బావి నుంచి ఎన్ని అడుగులో, ఎంత లోతులో, పైన ఏమున్నదో అంతా నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. పై మట్టిలో విక్టోరియా రాణి బొమ్మ కాసులు వచ్చాయి. 'క్వీన్' అని ఉంటే 1862 నుంచి 1876 వరకూ, 'ఎంప్రెస్' అని ఉంటే 1877 తర్వాత. తేదీ అరిగిపోయినా ఆ ఒక్క మాట చాలు.

నన్ను కదిలించింది మాత్రం కొట్టుగది గోడవారన దొరికిన వెండి పావు వరహా. ఒకవైపు నక్షత్రాల మధ్య గోపురం, రెండోవైపు తామరలోంచి లేస్తున్న విష్ణుమూర్తి, చుట్టూ తమిళం, తెలుగు. మా పిన్ని కళ్లజోడు సవరించుకుని, కూడబలుక్కుంటూ తెలుగు అక్షరాలు చదివింది. అది వినగానే నాకు గొంతు పట్టేసింది. మద్రాసులో తెలుగువాళ్లు నిన్నగాక మొన్న వచ్చినవాళ్లన్నట్టు మాట్లాడేవాళ్లను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. 1807 నాటి ఈ వెండి వరుస చెల్లాల్సిన బజారులో తెలుగు చదివేవాళ్లున్నారని కంపెనీకి బాగా తెలుసు. అప్పుడు ఎనభై కాసులు ఒక పణం, నలభై రెండు పణాలు ఒక వరహా. 1818లో రూపాయి ప్రమాణమయ్యాక ఆ లెక్క మెల్లగా మరుగున పడింది. మా వీధికి పేరిచ్చిన టంకశాల అక్కడికి వచ్చింది 1840ల మొదట్లో, మూతపడింది 1869లో. అంటే ఈ పావు వరహా ఆ టంకశాల కంటే పెద్దది.

దొరికినవాటిని నోట్‌బుక్ ప్రతితో సహా కలెక్టరుకు తెలియజేశాం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే చెప్పితీరాలి. పిన్నికి కాస్త మనసు చివుక్కుమంది గానీ కాదనలేదు.

సౌకార్‌పేటలో పాత ఇల్లు పడగొట్టిస్తున్నవారికి నాదొక మనవి. శిథిలాలు లారీకెక్కే ముందు గచ్చు కింది మట్టిని ఒకసారి జల్లెడ పట్టించండి. ఏది దొరికినా తోమకండి, అమ్మకండి. ఎక్కడ, ఎంత లోతున దొరికిందో రాసిపెట్టి కలెక్టరుకు తెలియజేయండి.