నిప్పు చుట్టూ ఊరు: మేనమామగారికి మూడు లేఖలు

మొదటి లేఖ
మేకన్, జార్జియా

పూజ్యులైన మామయ్యగారికి,

అమెరికా ఆగ్నేయ భాగంలోని జార్జియా రాష్ట్రంలో, మేకన్ పట్టణపు అంచున, ఓక్మల్గీ నది దగ్గర ప్రాచీనులు పోసిన మట్టిదిబ్బలు ఉన్నాయి. వాటిలో పెద్దది సుమారు 55 అడుగుల ఎత్తు ఉంటుంది. అయితే తీరికగా చూడవలసినది అది కాదు, గడ్డి కప్పుకొని అల్లంత దూరాన ఒదిగి ఉన్న మట్టి సభామందిరం. నడుము వంచితే తప్ప దూరలేని ఇరుకు దారి గుండా లోపలికి వెళ్తే, 42 అడుగుల వ్యాసం గల గుండ్రని గది, నడుమ నిప్పుగుండం, గోడ పొడవునా మట్టితో మలచిన 47 ఆసనాలు, పక్షి ఆకారపు వేదిక మీద మరి మూడు ఆసనాలు కనిపిస్తాయి. పైకప్పు 1930లలో తవ్వకాల తరువాత కట్టినదే గాని నేల మాత్రం నాటిదే. అది క్రీ.శ. 1015 ప్రాంతానిదని కర్బన పరీక్షలో తేలింది, అంటే రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు పట్టానికి రావడానికి కొన్నేళ్ల ముందటిదన్న మాట.

ఈ చోటును తమ పూర్వులదిగా భావించే ప్రజ తమను మస్కోగీలు అని చెప్పుకుంటారు. ‘క్రీక్’ అన్నది పైవారు పెట్టిన పేరు: ఇంగ్లీషు వర్తకులు ఇక్కడి ఓచీసీ అనే వాగు ఒడ్డున కాపురమున్న వారిని వాగు పేరుతో పిలవగా, ఆ పిలుపు క్రమంగా వాగు ముఖం ఎరుగని ఊళ్లకు కూడా అంటుకుంది. మస్కోగీల సమాజానికి మూలమైన మాట ‘తల్వా’. దానిని ఊరు అని అనువదించడం వాడుకే గాని, ఇళ్లూ పొలాలూ కలిసిన జాగా అన్న అర్థం దానికి చాలదు. ఒకే నిప్పు చుట్టూ కూర్చునే హక్కు గల మనుషుల కూటమి తల్వా. దానికి ‘మీకో’ అనే పెద్ద ఉండేవాడు, ఎవరి ఆసనం ఎక్కడో నియమం ఉండేది. శాంతి కార్యాలు చూసేవి తెల్ల ఊళ్లుగా, యుద్ధ కార్యాలు చూసేవి ఎర్ర ఊళ్లుగా పేరు పొందాయి.

రెండవ లేఖ
చెరోకీ, ఉత్తర కెరొలైనా

పూజ్యులైన మామయ్యగారికి,

మస్కోగీలకు ఉత్తరాన, కొండల్లో ఉండేవారు చెరోకీలు. వారి తల్లి ఊరుగా పేరున్న కిటూవా, టకాసీజీ నది ఒడ్డున, పొలంగా ఏళ్ల తరబడి దున్నడం వల్ల అరిగిపోయిన ఒక దిబ్బగా మిగిలింది; ఆ భూమిని తూర్పు చెరోకీల ప్రభుత్వం 1996లో కొనుక్కున్నది. దిబ్బ లోపల పవిత్రాగ్ని ఇంకా ఆరలేదన్న నమ్మకాన్ని జేమ్స్ మూనీ 1900లో ప్రచురించిన చెరోకీ పురాణాల సంపుటిలో నమోదు చేశాడు.

నిప్పు ఎలా వచ్చిందన్న కథ కూడా అందులో ఉంది. ఉరుములు ఒక దీవిలోని బోలు చెట్టు మొదట్లో నిప్పు పెట్టగా, దానిని తేబోయిన కాకోలం ఒళ్లు కమిలి నల్లబడింది, గుడ్లగూబలకు కళ్లు మండాయి, పాములు మసిబారి తిరిగివచ్చాయి. చివరకు నీటి సాలీడు తన దారంతో చిన్న గిన్నె అల్లి, వీపున పెట్టుకొని, అందులో ఒక్క నిప్పుకణిక తెచ్చింది. బలం గల జంతువులన్నీ ఓడిన చోట సాలీడును గెలిపించిన కథకులు ఊరికే గెలిపించలేదు, మోసుకుపోవడానికి పాత్ర కావాలన్న తెలివిని దానికి ఇచ్చారు.

రోగాల పుట్టుక గురించిన నమ్మకం ఇంకా సూక్ష్మమైనది. వేటగాడు జింకను కొట్టినప్పుడు, ‘అవీ ఉస్దీ’ అనే చిన్న జింక, జింకలన్నిటికీ నాయకుడు, గాలిలా వచ్చి నెత్తుటి మరకల మీద వంగి, చంపినవాడు క్షమాపణ అడిగాడా అని చనిపోయిన జింక ఆత్మను ప్రశ్నిస్తుంది. అడగలేదని జవాబు వస్తే నెత్తుటి జాడ పట్టుకొని అతని ఇంటిదాకా వెళ్లి, అతనికి కీళ్లవాతం తగిలిస్తుంది. ఇలా జంతువులు రోగాలను కల్పించగా, మొక్కలు మనిషి పక్షం వహించి ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క మందు కావడానికి ఒప్పుకున్నాయి. నదిని వారు ‘పొడుగాటి మనిషి’ అంటారు. తెల్లవారుజామున పారే నీటిలో ఏడు మునకలు వేసే ఆచారం కార్తీక స్నానాలు ఎరిగిన తెలుగువారికి విడ్డూరంగా తోచదు.

ఏడు వారి వంశాల సంఖ్య కూడా: తోడేలు, జింక, పక్షి, రంగు, నీలి, అడవిదుంప, పొడుగుజుట్టు. గోత్రం లాగే సొంత వంశంలో పెళ్లి నిషిద్ధం, కాని గోత్రానికి భిన్నంగా వంశం తల్లి నుంచి వస్తుంది. పూర్వం ఇల్లూ పొలమూ ఆడవారివిగా ఉండేవి. పిల్లలను దిద్దే బాధ్యత తండ్రి కన్నా మేనమామదే ఎక్కువగా ఉండేది. ఈ లేఖలు ఎవరికి వెళ్తున్నాయో ఎరిగిన చెరోకీ వృద్ధులెవరైనా అది ఉచితమేనని అంటారు.

మూడవ లేఖ
తుల్సా, ఓక్లహామా

పూజ్యులైన మామయ్యగారికి,

1830 నాటి తొలగింపు చట్టంతో అమెరికా ప్రభుత్వం మస్కోగీ, చెరోకీ ప్రజలలో అత్యధికులను మిసిసిపీ నది అవతలకు తరిమింది. 1838-39లో జరిగిన చెరోకీల ప్రయాణంలోనే దాదాపు 4,000 మంది చనిపోయారని అంచనా. మస్కోగీలలో లోచాపోకా అనే తల్వా వారు అలబామాలోని తమ ఆఖరి నిప్పుల బూడిదను మోసుకువచ్చి, 1836లో ఆర్కన్సా నది ఒడ్డున ఒక ఓక్ చెట్టు కింద కొత్త నిప్పు రాజేశారు. చెట్టు తుల్సా నగరపు వీధుల నడుమ నేటికీ ఉంది, నగరం పేరు కూడా ‘పాత ఊరు’ అనే అర్థం గల మస్కోగీ మాట నుంచి వచ్చినదే. తల్వా అంటే నేల కాదన్న సంగతి మేకన్ దిబ్బల కన్నా ఇక్కడ బాగా బోధపడుతుంది.

ఏటా ఎండాకాలంలో, పచ్చి మొక్కజొన్న పాలుపోసుకొని గట్టిపడే వేళకు, ‘పోస్కితా’ అనే పండుగ మస్కోగీలకు వస్తుంది. ఆ మాటకు ఉపవాసం అని అర్థం. అది అయ్యేదాకా కొత్త మొక్కజొన్న నోట పెట్టరాదు. పూర్వం ఇళ్లు శుభ్రం చేసి, పాత కుండలు పగలగొట్టి, హత్య తప్ప మిగిలిన తప్పులన్నీ మాఫీ చేసి, పొయ్యిలన్నీ ఆర్పి, నాలుగు దిక్కులకు నాలుగు దుంగలు పేర్చి కొత్త నిప్పు చేసి, దానిని ఇంటింటికీ పంచేవారు. మన భోగి మంటలో పాత సామాను వేస్తాము. వారు మంటనే పాతదిగా లెక్కించి తీసివేస్తారు. రాత్రి నృత్యంలో మగవారు పాడితే, తాబేటి చిప్పల్లో గులకరాళ్లు పోసి కాళ్లకు కట్టుకున్న ఆడవారు తాళం వేస్తారు, ఆ తాళం లేనిదే నృత్యం నడవదు.

ఇళ్లలో అతిథికి ఇచ్చే ‘సోఫ్కీ’ మన అంబలికి దూరపు చుట్టం. దంచిన మొక్కజొన్నను గంటల తరబడి ఉడికించి, కొందరు ఒకటి రెండు రోజులు పులియనిచ్చి తాగుతారు. ఉడికేటప్పుడు అందులో పోసేది కట్టెల బూడిద మీద నీళ్లు పోసి వడగట్టిన తేట, అది పడితేనే సోఫ్కీకి దాని రుచి వస్తుంది.