పాంబను వంతెన దాటి ధనుష్కోటికి

కాశీ రామేశ్వరములు చూచివచ్చుట మన పెద్దలకు జన్మసాఫల్యము. 2025వ సంవత్సరపు వేసవి సెలవులలో మా వారి పాఠశాల మూసిన పిదప, మా అత్తగారిని, ఎనిమిదేండ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకొని మేము రామేశ్వరమునకు పోయివచ్చితిమి. ఆలయ వైభవమును, తీర్థస్నాన ఫలమును వర్ణించినవారు పలువురు కలరు. నేను ఆ ద్వీపమునకు పోవు త్రోవను గూర్చియు, ఆ త్రోవ చివర నొకప్పుడుండి నేడు లేని రేవుపట్టణమును గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిని.

మా అత్తగారికి ఈ యాత్రపై ఎంత కోరికయో అంత భయము. దానికి కారణము కలదు. 1964 కార్తికమాసమున ఆమె తల్లిగారు ధనుష్కోటికి పోయి, సేతుస్నానము చేసి, చిన్న ఇత్తడి చెంబులో సేతువు ఇసుకను తెచ్చిరి. ఆ ఇసుకను కాశికి కొనిపోయి గంగలో కలిపి, గంగాజలము తెచ్చి రామేశ్వరుని కభిషేకము చేయించుట పూర్వాచారము. ఆమెకు కాశీయాత్ర పొసగలేదు. చెంబు పూజగదిలోనే ఉండిపోయినది. నెల తిరుగకమునుపే, తాను ఎక్కి దిగిన ఆ ధనుష్కోటి రైలు సముద్రము పాలైనదను వార్త పత్రికలలో వచ్చెను. ఇంటిలో ఎవరో ఆ వార్తను చదువుచుండగా, అప్పటికి తొమ్మిదేండ్ల పిల్లయగు మా అత్తగారు తల్లి కొంగు పట్టుకొని వినిరట. నాటినుండి రామేశ్వరమన్న చేతులు జోడించుటయు, వంతెనయన్న కన్నులు మూసికొనుటయు ఆమెకు అలవాటైనది. ఈమారు బయలుదేరునపుడు మాత్రము ఆ చెంబును మూటగట్టి సంచిలో పెట్టుకొనిరి. ఎందులకని నేనడుగలేదు.

మదురలో మీనాక్షీదర్శనము చేసికొని రామేశ్వరపు బండి ఎక్కితిమి. మండపమను స్టేషను దాటగానే నేల ముగియును. ఎదుట పాంబను జలసంధి. పూర్వము ఈ దేశపు ప్రభువులుగా నుండిన రామనాథపురమువారికి సేతుపతులని బిరుదు. రైలు రాక పూర్వము యాత్రికులు ఈ నీటిని పడవలలోనే దాటెడివారు. 1911లో ఇచట రైలువంతెన పని ఆరంభమై, 1914 ఫిబ్రవరి 24వ తేదీన ముగిసినది. పొడవు రెండు కిలోమీటర్లకు పైమాట. సముద్రములో 140కి మించిన స్తంభములు.

ఈ వంతెన మధ్య నొక చిక్కు కలదు. పైన రైలు పోవలె, క్రింద ఓడ పోవలె. అందులకై షెర్జరను అమెరికా శిల్పి కనిపెట్టిన పద్ధతిని నడిమి భాగమును రెండు రెక్కలుగా కట్టిరి. ఓడ వచ్చినపుడు పనివాండ్రు ఇరువైపుల నిలిచి చేతులతోనే యంత్రమును త్రిప్పగా, ఆ రెక్కలు ఊగుడు కుర్చీలవలె వెనుకకు వాలి పైకి లేచెడివి. ఓడ పోయినపిదప మరల కలిసికొనెడివి.

ఆ వంతెన 2022 డిసెంబరులో సేవ చాలించినది. తరువాత రెండేండ్లకు పైగా యాత్రికులు మండపమున దిగి, రోడ్డు మీదుగా ద్వీపమునకు పోవలసి వచ్చెను. 2025 ఏప్రిల్ 6వ తేదీ, శ్రీరామనవమినాడు, ప్రక్కనే కట్టిన కొత్త వంతెనను ప్రారంభించిరి. దీని నడిమి భాగము రెక్కలుగా విడిపోదు. 72.5 మీటర్ల ఆ భాగమంతయు రెండు గోపురముల నడుమ చదునుగానే పైకి లేచును. మా అమ్మాయి ఎట్లు లేచునని అడుగగా మావారు, “బావిగిలకపై చేద లేచునట్లే. ఒకవైపు వంతెన, రెండవవైపు దానికి సరితూగు బరువులు. కనుక విద్యుద్యంత్రమునకు శ్రమ తక్కువ” అని బోధించిరి.

మేము పోయిననాడు పాత వంతెనయు ప్రక్కనే నిలిచియుండెను. వృద్ధురాలగు అత్తయు కొత్త కోడలును ఒక వాకిట నిలిచినట్లు తోచినది. పాతదానిపై బండి మనుష్యుని నడకతో సమముగా ప్రాకెడిదట. కొత్తదానిపై మేము కొలది నిమిషములలోనే దాటితిమి. ఆ కొలది నిమిషములును మా అత్తగారు కన్నులు మూసికొని రామనామము జపించుచునే యుండిరి.

మరునాడు ధనుష్కోటికి పోయితిమి. పూర్వము పాంబనునుండి ఇనుపదారి రెండుగా చీలి, ఒకటి రామేశ్వరమునకు, ఒకటి ధనుష్కోటికి పోయెడిది. 1914 మొదలు ధనుష్కోటి పెద్ద రేవు. మదరాసునుండి వచ్చు బండి నేరుగా రేవుకట్టదాక పోగా, ప్రయాణికులు దిగి స్టీమరెక్కి, సుమారు 20 మైళ్ల సముద్రము దాటి సింహళమున తలైమన్నారులో మరల రైలెక్కెడివారు. రైలునకును ఓడకును ఒకటే టిక్కెట్టు. ఆ బండికి బోటుమెయిలని పేరు.

ఆ స్టీమరులలో వర్తకులును, ఉద్యోగులునే కాదు, తేయాకు తోటలకు కూలికి పోవు తమిళ స్త్రీలును చంకబిడ్డలతో పోయెడివారు. మండపము శిబిరమున వారిని నిలిపి, రోగములు లేవని చూచినపిదప గాని ఓడ ఎక్కనిచ్చెడివారు కారు. ఈ దారినే తరములకొలది పోయినవారి సంతతిలో 5,25,000 మందిని తిరిగి స్వీకరించుటకు 1964 అక్టోబరులో శాస్త్రిగారి ప్రభుత్వమును, సిరిమావో బండారునాయకగారి ప్రభుత్వమును ఒడంబడిక చేసికొనిరి. రెండు నెలలు గడువకమునుపే, వారు పోయిన రేవే లేకుండపోయినది.

1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి తుపాను వచ్చెను. పాంబనునుండి బయలుదేరిన ప్యాసింజరు బండి అర్ధరాత్రివేళ ధనుష్కోటికి చేరువైనది. గాలికి సంకేతదీపములు ఆరిపోయినవి. కొంతసేపు నిలిచిన బండి, చీకటిలోనే మెల్లగా కదలినది. పర్వతమువంటి కెరటము దానిని మ్రింగెను. నూటికి పైగా నున్న ప్రయాణికులలోను, సిబ్బందిలోను ఒక్కరును మిగులలేదు. ఊరిలో ఎందరో మడిసిరి. తరువాత ప్రభుత్వము ఆ ఊరు నివాసయోగ్యము కాదని ప్రకటించినది.

ఆ రాత్రియే పాంబను వంతెన దూలములలో 126 కొట్టుకొనిపోయినవి. రెక్కలు గల నడిమి భాగము మాత్రము నిలిచినది. దీనిని బాగుచేయుటకు ఆరు నెలలు పట్టునని మొదట ఎంచిరి. ఆ పనిని 32 ఏండ్ల ఇంజనీరు ఇ. శ్రీధరన్ గారికప్పగించిరి. ఆయన సముద్రమున పడిన దూలములను వెదకించి, పైకి తీయించి, మరల అమర్పించి, 46 దినములలో రైలు నడిపించిరి. ఆ తొందర వట్టిది కాదు. 1988 అక్టోబరు 2వ తేదీన రోడ్డువంతెన తెరచుదాక, ద్వీపవాసులకు పొడికాళ్లతో ఆవలి యొడ్డు చేరుటకు రైలు తప్ప వేరుదారి లేదు. పట్టణపు వైద్యమునకు పోవలసిన గర్భిణికైనను రైలో పడవయో గతి.

వంతెన నిలిచినది గాని, ధనుష్కోటి రేవు మరల లేవలేదు. 2017లో వేసిన రోడ్డుమీద మేము పోవుచుండగా ఇరుప్రక్కల సముద్రము, నడుమ ఇసుక. కప్పులేని చర్చి గోడలు, స్టేషను శిథిలములు, నీటితొట్టి కట్టడము. వానిచెంత జాలరుల గుడిసెలు. త్రోవలోని కోదండరామాలయము మాత్రము ఆ తుపానుకు చెక్కుచెదరలేదు. విభీషణునకు శ్రీరాముడు పట్టము గట్టిన చోటు అదియేయందురు.

సేతువు చివర నిలిచి మా అమ్మాయికి నలుని కథ చెప్పితిని. వాల్మీకి లెక్కను వానరులు మొదటినాడు 14 యోజనములు, పిదప వరుసగా 20, 21, 22, 23 యోజనములు కట్టిరి. చిన్నది వ్రేళ్లపై కూడి, “నూరు!” అని గంతులువేసెను. కట్టినవాడే, విభీషణుని ప్రార్థనపై, వింటికొనతో ఆ సేతువును త్రెంచెనని పురాణకథ. అందుచేతనే ఈ తావునకు ధనుష్కోటియని పేరు. ఇంటికడ ఎన్నిమారులో చదివిన కథయే. అయినను ఆ మొండిగోడల నడుమ దానిని చెప్పునపుడు నా గొంతు తడబడినది.

మా అత్తగారు అంతవరకు మాటాడక, ఉన్నట్టుండి నా వైపు తిరిగి, “అమ్మాయీ, ఆనాడు ఆ బండిని ఆపువారే లేకపోయిరా?” అనిరి.

ఆ ప్రశ్నకు నాకు జవాబు తోచలేదు. మావారు, “లేకపోయిరమ్మా. నేడు ఆపుదురు. వంతెనకడ గాలివేగమును కొలుచు యంత్రము కలదు. గాలి హద్దుమీరెనా, ఎఱ్ఱదీపము వెలుగును, బండి కదలదు. ఎవరికి ఎంత తొందరయున్నను కదలదు” అనిరి.

ఆమె తలయూచి, సంచిలోని చెంబును తీసిరి. “ఈ ఊరు ఇచట లేదు గాని, ఈ ఊరి ఇసుక అరువదేండ్లు మన ఇంట ఉన్నది” అని, సగము ఇసుకను కెరటములలో విడిచిరి. కుమారుని పిలిచి, “ఆ బండిలోనివారి పేర్లు మనకు తెలియవు. తెలియకున్న నేమి, మూడు దోసిళ్ల నీరు విడువుము” అనిరి. మావారు అట్లే చేసిరి. మిగిలిన సగము కాశికట. తల్లిగారి మ్రొక్కు అది.

తిరుగు ప్రయాణమున బండి వంతెన ఎక్కినపుడు నేను అత్తగారి చేయి పట్టుకొనబోతిని. ఆమె కిటికీకడ కూర్చుండి, కన్నులు తెరచియే, పాత వంతెన రెక్కలను మనుమరాలికి చూపుచుండిరి.

సోదరీమణులారా! రామేశ్వరమునకు పోవువారు ఒకపూట ధనుష్కోటికిని పొండు. గాలి బలముగా వీచినందున బండి ఆలస్యమైనదని ఎవరైన చెప్పినచో విసుగుకొనకుడు. ఆ ఆలస్యము విలువ ఏమో ఆ ఇసుకలో నిలిచినవారికి తెలియును.