తాత నాటు తుపాకీ

యాప్రాల్‌లో మేం అద్దెకుంటున్న వీధిలో దీపావళి రాత్రి గంధకం వాసన కమ్ముకోగానే మాకు చింతపల్లి కొండలు గుర్తొస్తాయి. తాత నాటు తుపాకీ పేల్చినప్పుడు వచ్చేది ఆ వాసనే.

ఆ మాట పక్కింటి రిటైర్డు సైనికుడితో అన్నాం. "లైసెన్సు ఉండేదా?" అని అడిగారాయన. లేదు. మేం మాట మార్చేశాం. ఇంట్లోకి వచ్చాక సిగ్గేసింది. తాతను తలచుకుని కాదు, మాట మార్చినందుకు.

తాతది మూతి నుంచి నింపే తుపాకీ. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు పోసి, గుడ్డపీలిక పెట్టి, ఇనప కడ్డీతో దట్టించి, సీసపు గుండ్లు వేసేవాడు. వెనక చిన్న గొట్టానికి రాగి టోపీ తొడిగేవాడు. గుర్రం వచ్చి టోపీని కొడితే ఆ నిప్పు లోపలి మందుకు అంటుకునేది. ఒక్క దెబ్బే. మళ్లీ నింపేలోగా పందుల మంద రాగిచేను దాటిపోయేది. అందుకే మంచె మీద తాత తొందరపడేవాడు కాదు. చాలా రాత్రులు గాల్లోకి పేల్చి బెదరగొట్టేవాడు, అంతే.

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపలాకు ఇలాంటి తుపాకీకి లైసెన్సు ఇవ్వాలన్న మాట ఉంది. తాతకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కర్ణాటకలోని కొడగులో కొడవలకు లైసెన్సే అక్కర్లేదు. ఆ మినహాయింపును కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది. వాళ్లకు తుపాకీ పూజలో పెట్టే ఆచారం. మనకు కేసు.

1922 ఆగస్టు 22న సీతారామరాజుతో కలిసి మన పెద్దలు చింతపల్లి పోలీస్ స్టేషన్ తుపాకులు పట్టుకెళ్లారు. అది పాఠాల్లో చదివి గర్వపడతాం. ఇంట్లో తాత తుపాకీ గురించి మాత్రం గొంతు తగ్గిస్తాం.

చివరికి నాన్న దాన్ని తీసుకెళ్లి అప్పజెప్పాడు. తాత రెండు రోజులు అన్నం ముట్టలేదు. అయినా నాన్నను తప్పుపట్టలేం. చీకట్లో పంది అనుకుని మనిషిని కాల్చిన ఊరు మాది. ఆ ఇంటి ఏడుపు మేం విన్నాం. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట కూడా నేరమే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తుపాకీ మళ్లీ కావాలని మేం అనడం లేదు. మీ ఊళ్లో మంచె మీద కాపలా కాసిన తాతలు ఇంకా ఉంటే అడగండి, రాసుకోండి. మాస్టార్లూ, చట్టంలో మనకేముందో పిల్లలకు చదివి చెప్పండి. ఈసారి పక్కింటాయన అడిగితే మేం మాట మార్చం. తాత ఏ చేనుకు కాపలా కాశాడో చెబుతాం.